నాలుగు మూలల పసుపు

డిసెంబరు 2003 అని తెర మీద పడింది, అమ్మయ్య, ఇంకో ఏడాది గట్టెక్కింది అనుకుంటూ గడియారం చూస్తే పదకొండుకు మూడు నిమిషాలు తక్కువ, అంటే పదిన్నరకు నేను మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇంతసేపటికీ మూడేళ్ళ వాన మాత్రమే చదివింది, ఇంకా ఐదేళ్ళ వాన మిగిలే ఉంది, పదకొండున్నరకేమో కరెంటు పోతుంది. డోన్‌లో రైళ్ళు ఆలస్యం కావచ్చు గానీ కరెంటు కోత మాత్రం నిమిషం అటూ ఇటూ కాదు. నెలకొక ఎక్సెల్ ఫైలు, ఏడాదికి పన్నెండు, ఎనిమిదేళ్ళకు తొంభై ఆరు, ఒక్కోదానికి ముప్పావు నిమిషం, వేళ్ళ మీద చూసుకున్నా కాగితం మీద చూసుకున్నా పన్నెండు నిమిషాలు చాలడం లేదు. మళ్ళీ కరెంటొచ్చేది ఒకటిన్నరకు. వ్యవసాయ పరిశోధన కేంద్రం సారుకు పట్టిక చేరాల్సింది ఒంటిగంటలోపు. యూపీఎస్ చచ్చి ఏడాదైంది, ఇప్పుడు దాని మీద అత్త పూలబుట్ట పెట్టుకుంటోంది. ప్రోగ్రాం చివరికంటా పోతేనే పట్టిక రాస్తుంది, మధ్యలో ఆగితే మొదటికొస్తుంది, కాబట్టి నేను చేయగలిగింది కూర్చోవడం ఒక్కటే. కూర్చున్నాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఈ కంగారులోనూ కూర్చోవడం బాగానే ఉంది, ఈ వేళప్పుడు వంటింట్లో ఉండాల్సిన కోడలిని ఫ్యాను కింద కూర్చోబెట్టి, అత్త స్వయంగా తలుపు దగ్గరికేసి పోవడం పెళ్ళయిన రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

వాన మామది. అంటే మేఘాలు ఆయనవి కావు గానీ, ఈ ఊళ్ళో పడిన వానకు ఆయనే కరణం. లక్ష్మీనరసయ్య సెట్టి విత్తనాల అంగడి అంటే పత్తికొండ దాకా తెలుసు. కింద అంగడి, పైన ఇల్లు, ఆ పైన మిద్దె, మిద్దె మీద వాన కొలిచే డబ్బా, దాని నోట్లో ఇత్తడి గరాటు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు, దేశంలో వాన కొలిచే వాళ్ళందరూ కొలిచే సమయానికే, మామ మెట్లెక్కుతాడు. ఆకాశం పెనంలా కాలుతున్నా ఎక్కుతాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ కార్తెలో కూడా రోలు పగలనీ, డబ్బా చూడాల్సిందే. ఆలూరు నుంచి వీరేష్ అనే రైతు సంచి పట్టుకుని వచ్చి, విత్తనం ధర అడగకముందే, "సెట్టీ, పోయిన తూరి మృగశిరలో ఎన్ని దినాలు పడినాది?" అని అడుగుతాడు, మామ పైకి చూసి గుర్తు తెచ్చుకుని చెబుతాడు, దాన్ని బట్టి వీరేష్ ఇంకో వారం ఆగుదామనో వేసేద్దామనో అనుకుంటాడు. ఇరవై ఆరేళ్ళ నోటుపుస్తకాలు ఉండేవట. చెదలు తినేశాయి. మా ఆయన కిరణ్‌కుమార్ చెప్పాడు, అట్టలు అట్టల్లాగే నిలబడి ఉన్నాయట, తీస్తే లోపల మట్టి, ఆ రోజు మామ అన్నం తినలేదట. ఆ తర్వాతే అంగడికి కంప్యూటర్ కొన్నాడు, చెద పట్టనిది కావాలని. 2001 నుంచి ఈ ఎనిమిదేళ్ళే ఆయనకు మిగిలిన వాన.

ఆ ఎనిమిదేళ్ళకే ఇప్పుడు పరీక్ష వచ్చింది. వేరుశనగ ఎప్పుడు విత్తాలో రైతులకు చెప్పే పట్టిక ఒకటి తయారుచేస్తున్నారట, ఊరూరా ఎవరి దగ్గర వాన వివరాలుంటే వాళ్ళవి అడుగుతున్నారట, సారు ఈ పొద్దున ఫోన్ చేసి నాతోనే మాట్లాడాడు. "అంగడాయన రాసినవి కదమ్మా, నమ్మకానికి ఒక షరతు. ఏడాదిలో పది రోజులకు మించి చూడని రోజులుంటే ఆ ఏడాది చెల్లదు, ఎనిమిదేళ్ళలో ఒక్క ఏడాది చెల్లకపోయినా మా పట్టికలో చేరదు. ఖాళీ గడి ఉంటే అది వాన లేకనా, చూడకనా అన్నది మాకు తేలాలి" అన్నాడు. న్యాయమే. మామూలు మనిషైతే వాన లేని రోజు సున్న రాసి ఉండేవాడు. మామ సున్న రాయడు. మొదట్లోనే అడిగాను, అడిగితే ఎంత కోపమొచ్చిందో, "వరుణదేవునికి సున్న చుట్టమంటావామ్మా? మన నోటితో, మన చేత్తో, లేదు అని రాసి ఇస్తే ఆయప్ప మాత్రం ఎందుకొస్తాడు?" అన్నాడు. అందుకని డబ్బా చూసి, ఎండిపోయి ఉంటే, ఆ తేదీ గడిలో అంకె వేయకుండా మట్టిరంగు నింపుతాడు. చూడని రోజైతే తెల్లగా వదిలేస్తాడట. మనిషి కంటికి తేడా తెలుస్తుంది. పరుగెత్తే ప్రోగ్రాంకు రెండూ ఖాళీలే. మొదటిసారి అంకెలు మాత్రమే చదవమన్నాను, కనురెప్ప పాటులో తొంభై ఆరు ఫైళ్ళూ చదివి పారేసి, రెండువేల తొమ్మిదివందల ఇరవై రెండు రోజుల్లో రెండువేల ఐదువందల యాభై ఒకటి ఖాళీ అంది. రాయలసీమ కదా, అంతే ఉంటుంది. రంగులు కూడా చదవమన్నాను, అప్పటి నుంచి ఇదిగో ఈ నత్తనడక.

జనవరి 2004, ఫిబ్రవరి 2004. తప్పు నా ప్రోగ్రాం వాడుకుంటున్న లైబ్రరీది కాదు, దాన్ని నేనేమీ అనను. ఎక్సెల్ ఫైలు లోపల ఏముంటుందో ఒక పాఠంలా విప్పి, దాన్ని చదివే పనంతా ఎవరో ఎక్కడో కూర్చుని రాసి, తీసుకోండి అని లోకానికి వదిలేశారు, మనం పేరు పెట్టి పిలిస్తే చాలు, ఫలానా షీటు, ఫలానా వరస, ఫలానా గడి, అందులో ఏముంది అంటే చెబుతుంది. ఎంసీయేలో నాతో చదివిన శ్రీదేవి బెంగుళూరు నుంచి ఫోన్లో చెప్పింది దీని సంగతి, చెప్పి, "ఇంకా ఆడ విత్తనాల మూటల మధ్యన కోడు రాస్తాండావా తల్లీ" అని నవ్వింది. నవ్వనీ. స్టేషన్ దగ్గర నెట్ సెంటర్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న రోజు, మొదటి గడిలోని అంకె నల్లటి తెర మీద తెల్లగా పడితే, 12.4 అని, ఒంటరిగా ఉన్నాను కాబట్టి సరిపోయింది, చప్పట్లు కొట్టుకున్నాను. పన్నెండు మిల్లీమీటర్ల నాలుగు పాయింట్ల వాన, ఎప్పుడో ఏ జూలైలోనో నేను కడపలో ఉండగా ఈ మిద్దె మీద పడిన వాన. ఇంకో తమాషా, ఈ లైబ్రరీ వరసలను సున్న నుంచి లెక్కపెడుతుంది, మొదటి వరస దానికి సున్నో వరస. సున్నంటే గిట్టని మామ ఫైళ్ళను సున్నతో మొదలుపెట్టే లైబ్రరీ చదవడం, వియ్యంకులు కుదిరినట్టే కుదిరింది. ఆ సున్నో వరసలో ఏముందో తెలుసా, 'శ్రీ'. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో, ప్రతి ఫైల్లోనూ. అక్కడ 'తేదీ' అనే మాట ఉంటుందనుకుని నా ప్రోగ్రాం మొదటిసారి బోర్లా పడింది.

నాకు తెలిసి ఉండాల్సింది. మా నాయనది కడపలో నోటుపుస్తకాల అంగడే కదా. ఉగాది ముందు వారమంతా ఎర్ర అట్టల పుస్తకాలు కట్టలు కట్టలుగా పోయేవి, కొన్నవాళ్ళు అక్కడే మొదటి పేజీ తిప్పి, మా అమ్మ గిన్నెలో తడిపి ఉంచిన పసుపు వేలితో అద్దుకునేవాళ్ళు. నేను బల్ల ఎక్కి కూర్చుని గిన్నె పట్టుకునేదాన్ని. పదో తరగతి పరీక్షలకు పోతూ హాల్‌టికెట్‌కు నేనే పెట్టుకున్నాను, చెమటకు అది కారి నా ఫోటో ముఖమంతా పచ్చగా అయి, పరీక్ష హాల్లో సారు "నువ్వేనా ఇది, కామెర్లా?" అన్నాడు. ఆ గిన్నె పక్కనే బియ్యం డబ్బా ఉండేది, అక్షింతలకని. అందులోంచి గుప్పెడు తీసి నోట్లో వేసుకోవడం నాకు అలవాటు. పచ్చి బియ్యం నమిలితే పెళ్ళికి వాన పడుతుందే అని అమ్మ మొత్తుకునేది, కడపలో వానెక్కడిదిలే అని నేను ఇంకో గుప్పెడు తీసుకునేదాన్ని. పెళ్ళి కడపలో ఎండలోనే జరిగింది. అమ్మ నా వైపు చూసి, గెలిచావులే అన్నట్టు నవ్వింది. మరుసటి రోజు డోన్‌లో గృహప్రవేశం, మే నెల, శుక్రవారం, పొద్దున ఏడు గంటలకు కారు దిగానో లేదో, ఎక్కడ దాక్కుందో మబ్బు, కుండపోత. మొగుడి పేరు చెబితేగానీ గడప దాటనివ్వమని ఆడబిడ్డలు అడ్డం నిలబడ్డారు, నేను చెబుతున్నాను, వాన చప్పుడులో వినపడటం లేదంటున్నారు, కిరణ్‌కుమార్, కిరణ్‌కుమార్ అని వీధంతా వినేలా నాలుగుసార్లు అరిచి పట్టుచీర కారుతుండగా లోపలికొచ్చాను. అప్పటికి అత్త, మామ, చుట్టాలు అందరూ తడిసి ముద్ద. తిన్న బియ్యం ఊరికే పోలేదు.

ఆగస్టు 2004. నేను భయపడుతున్న నెల ఇదే. ఆ నెలలో మామకు కర్నూల్లో ఆపరేషన్, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడని కిరణ్ చెప్పాడు. పదకొండు, పదికి ఒకటి ఎక్కువ. తర్వాత 2006లో కాశీ, ఇరవై రెండు రోజులు, వాళ్ళ అక్క కుటుంబంతో పోయాడు, అక్కడ వంకాయ వదిలేసి వచ్చాడు, ఆయన వదిలింది ఒక్కడే అయినా ఇంట్లో అందరం గుత్తివంకాయకు నోచుకోలేదు. ఆ రోజుల్లో మిద్దె ఎవరెక్కారు? పొద్దున అడిగితే మామ "చూసినాం" అన్నాడు అంతే, అడగడమే తప్పన్నట్టు, అంగట్లోకి దిగిపోయాడు. ఎవరు చూశారు, కిరణ్ ఆసుపత్రిలోనే పడుకున్నాడు. మట్టిరంగుకు లైబ్రరీ ఇచ్చే నంబరు అరవై. అరవై కనిపిస్తే 'వాన లేదు', ఏ రంగూ లేకపోతే 'చూడలేదు', ఇంకేదైనా రంగు తగిలితే చివర్లో నాకు చూపించు అని రాశాను. ఆ ముప్పై మూడు రోజులూ తెల్లగా తేలితే రెండేళ్ళు పోతాయి, రెండేళ్ళు పోతే ఎనిమిదీ పోతాయి, చెదలు రెండోసారి తిన్నట్టే అవుతుంది, ఈసారి తినిపించింది నా ప్రోగ్రామే అవుతుంది. నాకు ఏడుపొచ్చేంత భయంగా ఉంది. మామ నాతో పెద్దగా మాట్లాడడు, కోడలితో మామ మాట్లాడే నాలుగు మాటలే మాట్లాడతాడు, కానీ నేను వచ్చిన నెలకే ఈ కంప్యూటర్ ముందు ఇంకో కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

ఆగస్టు 2005, గడియారంలో పదకొండూ పన్నెండు. తలుపు తోసుకుని మామ వచ్చాడు, భుజం మీద తువ్వాలు, చేతికి విత్తనాల దుమ్ము.

"ఏమ్మా, యాడికొచ్చినాది మన వాన?"

"సగం దాటినాది మామా. కరెంటు పోయేలోపల అయ్యేట్టు లేదు. ఒక్కో ఫైలూ కదలనంటాండాది."

"ముప్పై వరసలకు ఇంతసేపా? అద్దాలు పెట్టుకుని నేనే అరనిమిషంలో చదువుతా." ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. "కింద పసుపు కాడికి పోయిందేమో సూడు."

"ఏం పసుపు మామా?"

"కొత్త కాగితం మొదలుపెడితే పసుపు పెట్టమా? మీ నాయన అంగట్లో పెట్టరా? పైన శ్రీ రాసినా, నాలుగు మూలలా పసుపు పెట్టినా. మొదట్లో కంప్యూటర్ నేర్పిన సుదర్శన్‌ను అడిగితి, ఏమప్పా, ఈ కాగితానికి కింది మూల యాడుండాది అని. కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కు సెట్టీ అన్న్యాడు. నొక్కితే పోయినాది, పోయినాది, అరవై ఐదువేల ఐదునూర్ల ముప్పై ఆరో వరసకు. ఆడ పెట్టినా. ఆ పక్క మూల కూడా పెట్టినా. రెండు మూలలకు పెట్టి రెండు వదిలేస్తే ఏం బాగుంటాది?"

నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో ఆ అరనిమిషం తెలిసింది, పెదవి కొరుక్కున్నా ఆగలేదు, పకపకా నవ్వేశాను, మామ ముందు, తల మీద కొంగు లేకుండా. నెలనెలా ఒకటో తారీకున, ఎనిమిదేళ్ళు, తొంభై ఆరుసార్లు, ఈ పెద్దమనిషి అరవై ఐదువేల వరసలు దిగి, రెండువందల యాభై ఆరు నిలువులు దాటి, లోకంలో ఎవరూ చూడని ఆ చివరి గడికి పసుపు పెట్టి వచ్చాడు. ఖాళీ గడినీ వదలొద్దని లైబ్రరీకి నేను చెప్పాను, అదేమో పసుపున్న మూల దాకా షీటు ఉన్నట్టే లెక్క అనుకుని, ముప్పై ఒక్క రోజుల వాన కోసం ఫైలుకు కోటీ అరవై ఏడు లక్షల గళ్ళు ఒక్కొక్కటే తడుముతూ పోతోంది. నోటుపుస్తకాల అంగట్లో పసుపుగిన్నె పట్టుకుని పెరిగిన దాన్ని, ఇది నాకు తట్టకపోవడం, నా ముఖానికి ఎంసీయే.

ఆపేశాను. ఒక్క వాక్యం మార్చాను, తేదీలు అయిపోయిన వరస దగ్గర ఆగు అని. మళ్ళీ మొదలుపెడితే నెలలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, చదివేంత వ్యవధి కూడా ఇవ్వకుండా, 2001, 2002, ఆసుపత్రి, కాశీ, నా గృహప్రవేశం, అన్నీ గబగబా, గడియారంలో పదకొండూ ఇరవైకి అయిపోయింది. వాన పడిన రోజులు 371. మట్టిరంగు 2521. ఏ రంగూ లేనిది 1. తెలియని రంగు 29, నంబరు పది.

పదంటే ఎరుపు. ఆ ఇరవై తొమ్మిదీ 2004 ఆగస్టులో, 2006లో. ముప్పై మూడు ఉండాలి కదా అని చూస్తే, మిగిలిన నాలుగు రోజులూ వాన పడింది, అంకెలున్నాయి. నేను వెనక్కి తిరిగేసరికి అత్త సుందరలక్ష్మి మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో ఉంది.

"ఎర్రటివా? అవి నావి" అంది, గ్లాసు నా చేతికిస్తూ. "ఆపరేషనప్పుడు పొద్దున్నే ఎనిమిదిన్నరకు మిద్దెక్కి చూసి, అప్పుడు క్యారియర్ పట్టుకుని కర్నూలు రైలుకు పోతాంటి. మీ మామ మంచం మీద నుంచి అడిగే మొదటి మాట అదే, ఎట్లున్నావని గాదు."

"మరి కాశీకి నువ్వెందుకు పోలేదత్తా?"

"ఇద్దరం పోతే వాన ఎవరు సూడల్ల?"

అంత మామూలుగా అంది. మామ తెర వైపే చూస్తున్నాడు. "ఆమె సూసినవి నేను సూసినట్ల రాస్తే దొంగరాత గదా. అందుకే కుంకం రంగు పెట్టినా" అన్నాడు. పది అనే నంబరుకు 'వాన లేదు' అని రాసి ప్రోగ్రాంను ఇంకోసారి నడిపాను. చూడని రోజులు ఎనిమిదేళ్ళకు కలిపి ఒకటి. ఆ ఒక్కదాని పక్కన మామ రాసుకున్న మాటను కూడా లైబ్రరీ తెచ్చి పెట్టింది, 2007 మే 11, "వాన పడింది. గరాటు లేదు. కోడలు వచ్చింది."

నా గృహప్రవేశం. "గరాటు ఏమైంది మామా?"

"వంటాయన గోపన్న నూనె పోయను గరాటు దొరకలేదని మిద్దెక్కి ఇది ఎత్తకపోయినాడు. ఎనిమిదిన్నరకు నేను పోతే బోడి డబ్బా ఉండాది. గరాటు వంటింట్లో బుడ్డశనక్కాయల నూనెలో మునిగి ఉండాది."

"అది మాత్రం నాకు తెలుసు మామా, ఇరవై మిల్లీమీటర్లకు తక్కువ ఉండదు. నా పట్టుచీర పిండితేనే..."

"చీర పిండి కొలిస్తే ఒప్పుకోరమ్మా." నేను వచ్చాక మామ నవ్వడం చూశాను గానీ, నా మాటకు నవ్వడం ఇదే చూడటం. "ఆ పొద్దు తడిసినోళ్ళు శానామంది. కొలిచినోళ్ళు ఒక్కరూ లేరు. సూడలేదనే రాయి."

రాశాను. ఎనిమిదేళ్ళలో మామ వాన తప్పిపోయిన ఒకే ఒక్క రోజు నేను వచ్చిన రోజు, అది నా పేరు మీదే అలా తెల్లగా ఉండిపోనీ అనిపించింది, చాలా సంతోషంగా ఉంది. పట్టిక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తీసి, గుప్పిట్లో పట్టుకున్నాను. ఫ్యాను నెమ్మదించి ఆగింది, తెర నల్లబడింది, పదకొండున్నర. నెట్ సెంటర్లో జనరేటర్ ఉంది, నడిచిపోతే పది నిమిషాలు. కొంగు సర్దుకుని మెట్లు దిగుతుంటే పైనుంచి మామ గొంతు.

"అమ్మా ఉదయశ్రీ, శ్రావణంలో మీ అత్తను కాశీకి తోలకపోతా. పదైదు దినాలు వాన నువ్వే సూడల్ల. నీకు ఏ రంగు పెడదాం?"

"పసుపు తప్ప ఏదైనా సరే మామా" అన్నాను.